తోలు వాషరు

"టిక్కెట్టు ఎంతయింది మీరా?" అనడిగింది దీవెనమ్మ.
మిరపకాయ తొడిమ తుంచే వేళ్ళు
అడుగుతూ కూడా ఆగలేదు.
నేను చెప్పలేదు.
యార్డు ఘాటుకి దగ్గొచ్చినట్టు దగ్గాను.

ముప్ఫై ఒక్కేళ్ళు బోరింగు మెకానిక్కుని.
చేబ్రోలు నుంచి పెదనందిపాడు దాకా
ఏ పంపు ఎందుకు మూలుగుతుందో
సైకిలు దిగకుండానే చెప్పేవాణ్ణి.
కుళాయిలొచ్చాయి.
నా పానాలు మంచం కిందికి చేరాయి.

అప్పుడొచ్చాడు ఎముకల డాక్టరు, సేవాసంఘం బ్యాడ్జీతో.
"జాంబియాలో మన బోరింగులే, మీరా గారూ,
పాడై పడున్నాయి. మూడు వారాలు రండి."
మన బోరింగులే అన్నాడే, ఆ మాటకి పడిపోయాను.

టీకొట్టు మీద బిస్కెట్ల సీసా పెట్టారు.
హమాలీలు ఐదు, తొడిమల ఆడవాళ్ళు పది.
"మా వీధికే రెండ్రోజులకోసారి నీళ్ళు,
ఆఫ్రికాకి నువ్వు తోడిపెడతావా?"
అని తిట్టి
ఇరవై వేసిపోయాడు ఆటో సుభాని.

చోమా దాటాక ఎర్రమట్టి, ముళ్ళచెట్లు,
నడుమ ఒంటరిగా పంపు.
చెయ్యి వేసి నొక్కాను.
కిర్ర్ర్...
పరాయి ఊరి సంతలో ఎవరో
నన్ను మా ఇంటిపేరుతో పిలిచినట్టయింది.

పానా తీశాను.
వీపున బిడ్డను కట్టుకున్నామె, ముతింత,
నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది దాన్ని.
బోల్టులు విప్పింది. గొలుసు వదిలించింది.
నలుగురాడవాళ్ళు కడ్డీ మీద కడ్డీ పైకి లాగారు.
నా దగ్గర పనిచేసిన హెల్పర్లలో
ఒక్కడికీ లేదా ఒడుపు.
అడుగునున్న వాషరు తీసి నా అరచేతిలో పెట్టింది:
అరిగిన చెప్పు నాలుకలాంటి తోలుముక్క.
తర్వాత తన రెండు చేతులూ తిప్పి చూపించింది.
ఖాళీ.

అంతే.
పని రాక కాదు.
పట్నం బజారులో నలభై రూపాయలకి దొరికేది
అక్కడ దొరక్క.

నా సంచిలో ఉన్నవి ఆరు.
ఆరు పంపులు పలికాయి, ఏడోది పలకలేదు.
మిగిలిన పదిరోజులూ
నీడలో కూర్చుని వాళ్ళు పెట్టిన జావ తాగాను.
డాక్టరు ఫోటో తీశాడు.
ఫోటోలో పానా నా చేతిలో ఉంది.
"ఒక్క క్షణం పట్టుకోండి" అన్నాడు, పట్టుకున్నాను.
ముతింత పక్కన నిలబడి నవ్వుతోంది.
అది నవ్వో, ఇంకేమన్నానో,
ఇప్పటికీ ఆ ఫోటోకేసి చూస్తుంటాను.

తిరిగొచ్చాక దీవెనమ్మ దగ్గరికే వెళ్ళాను ముందు.
"తొంభై ఆరు వేలు" అన్నాను.
ఎన్ని టిక్కీల కాయకి ఎంత కూలో
కాగితం లేకుండా కట్టే మనిషి.
పెదవులు కదిలాయి.
"రెండువేల నాలుగొందల వాషర్లు."
నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.
కాసేపాగి తనే అంది,
"పోకపోతే నీకు తెలిసేది కాదుగా."
ఓదార్చిందో, దెప్పిందో.

ఈసారి నేను వెళ్ళలేదు.
సీసా మాత్రం కొట్టు మీదే ఉంది.
లాలాపేట చర్మకారుడు ఏసోబు
కొలతకి కోసి, నూనెలో నానేసి, కప్పులు వొత్తాడు.
కూలి సగమే పుచ్చుకున్నాడు,
తక్కిన సగం ఎక్కడ వేశాడో నేను చూళ్ళేదనుకున్నాడు.
మూడొందల వాషర్లు.
దారిలో నలగకుండా యార్డు గోతాం ముక్కల్లో చుట్టాం.

నెలన్నరకి ఫోన్లో మాట వచ్చింది, రికార్డు చేసింది.
తొడిమలు తీసే చోటే పెట్టి అందరికీ వినిపించాను.
ముందు కిర్ర్ర్.
తర్వాత బకెట్లో నీళ్ళు పడే చప్పుడు,
తర్వాత ముతింత "త్వాలుంబ" అనబోయి
హాఛ్!
వెనకాల ఇంకొకరు హాఛ్, పిల్లలు హాఛ్,
ఊరు ఊరంతా తుమ్ముతూ నవ్వుతోంది.
గుంటూరు ఘాటు గోతాంలోనే వెళ్ళిపోయింది,
వీసా లేకుండా.

దీవెనమ్మ వేళ్ళు ఆగాయి.
ఫోను మీదికి వంగి,
అవతల వింటున్నారన్నట్టే,
"చిరంజీవ, తల్లీ" అంది.