ఖరీఫ్

మన దగ్గర ఖరీఫంటే విత్తనాల మాట,
సొసైటీ గోదాం ముందు చెప్పుల వరస.
ఇక్కడ ధోఫార్ కొండల మీద ఖరీఫంటే మంచు.
జూన్ చివర్లో సముద్రంలోంచి లేచి
మేకల్ని, ఒంటెల్ని, దారిని,
నా చేతిలోని చీపురు కొసని కూడా మింగేస్తుంది.

సలాలా నుంచి పైకి గంట.
వంటకీ ఊడవడానికీ వచ్చినదాన్ని.
పాస్‌పోర్టులో మడకం చిన్నక్క,
ఈ ఇంట్లో ఉత్త చిన్నా.
అరబ్బీ నాకు వంటింటి మేరకే వచ్చు.
ముసలమ్మ తుఫూల్‌కి ఇంకొంచెం, పశువుల సంత దాకా.
ఆమెది కొండ భాష,
గొంతులో గులకరాళ్లు దొర్లుతాయి.
నాదీ కొండ భాషే.
బళ్లో మాట్లాడితే బెంచీ ఎక్కించేవాళ్లు.

లెక్కకి పది రోజుల ముందే
కోడలు థమ్నాకి నొప్పులు.
కొడుకు బండి తీశాడు.
రెండో మలుపు దగ్గర
లైటు వేస్తే తెల్లగోడ, తీసేస్తే నల్లగోడ.
వెనక్కి వచ్చేశాడు.
అంబులెన్స్ కింద చెక్‌పోస్టు దాటలేదని
ఫోన్లో ఎవరో చెబుతూనే ఉన్నారు.

తుఫూల్ లేచి చేతులు కడుక్కుంది.
మోచేతుల దాకా, మెల్లగా.
ముప్పై ఏళ్లుగా ఎవరూ అడగని చేతులు.

అవ్వా, అప్పుడు నువ్వు గుర్తొచ్చావు.
సబ్బూ బ్లేడూ దారమూ ఉన్న రేకుపెట్టె నీకిచ్చి
ఫొటో తీసుకున్న సార్లే
పదేళ్లకి వచ్చి పెట్టె పట్టుకుపోయారు.
ఇక ముట్టుకోకు అన్నారు.
ఆ తర్వాత మన ఆడవాళ్లు నెల ముందే దిగి
కింద ఊరి హాస్టల్లో
తెలియని మంచాల మీద తారీకు కోసం పడుకునేవాళ్లు.
అక్కని మాత్రం ఎవరూ దింపలేదు.
వాగు దగ్గర, డోలీలోనే.
అది మర్చిపోను.
పెద్దాసుపత్రి వద్దని ఈ నోటితో అనను.

తుఫూల్ కిటికీ చువ్వకి ఒంటె తాడు కట్టింది.
థమ్నాని మంచం దింపి గొంతుక్కూర్చోబెట్టింది.
వెనక నుంచి చంకల కింద నేను పట్టుకున్నా.
ఎవరూ చెప్పలేదు, నా మోకాళ్లకి తెలుసు.
ఆమె తన భాషలో ఏదో అంది,
నేను కోయలో జవాబిచ్చా.
ఇద్దరికీ అర్థం కాలేదు.
థమ్నాకి అర్థమైంది.

తల వచ్చింది. భుజం రాలేదు.
తుఫూల్ లాగలేదు.
థమ్నాని ముందుకు వంచి
చేతుల మీదా మోకాళ్ల మీదా నిలబెట్టి
కుంపట్లో ఒక సాంబ్రాణి పలుకు వేసి
ఊరుకుంది.
ఊరుకోవడం కూడా పనేనే అనేదానివి కదా నువ్వు.

పిల్ల ఏడ్చింది.
బయట మంచులో ఒంటె ఒకటి బదులు పలికింది.
బొడ్డుతాడు కొట్టుకోవడం మానాకే
తుఫూల్ కత్తి అడిగింది.

తెల్లారి మెంతులు నానబోసి, నెయ్యి కాచి,
మీ దగ్గరా? అన్నట్టు చూసింది.
తలూపాను.
పొగ చూపించింది. అదీ ఉందన్నాను.
ఇప్పనూనె ఎలా చెప్పాలో తెలియలేదు.
రెండరచేతులూ రుద్ది చూపిస్తే
నా ఖాళీ చేతుల్ని వాసన చూసింది.

మూడోరోజు మంచు విడిచాక డాక్టరమ్మ వచ్చింది.
తిడుతుందనుకున్నాం.
తల్లిని చూసింది, పిల్లని తూచింది,
బొడ్డు ముడిని చాలాసేపు చూసింది.
తర్వాత చెప్పులు విప్పి చాప మీద కూర్చుని
భుజం అడ్డుపడితే ఏం చేశావో మళ్లీ చెప్పమంది.
నర్సు చదువుతున్న మనవరాలు అరబ్బీ చేసి చెబుతూ
ఒక మాట దగ్గర ఆగిపోయింది,
దీనికి అరబ్బీలో మాట లేదని.
డాక్టరమ్మ ఆ మాటని అలాగే రాసుకుంది.

ఇప్పుడు సోమవారాలు
కింది క్లినిక్ కాన్పుగదిలో తుఫూల్‌కి ఒక కుర్చీ.
ఆమె కుర్చీలో కూర్చోదనుకో, కిందే.
మనవరాలూ పక్కన కిందే.

పిల్ల కాగితంలో పుట్టిన చోటు అనే గడిలో
ఆసుపత్రి పేరు లేదట, ఈ కొండ పేరు ఉందట.
నాకు ఆ అక్షరాలు రావు.
వేలు పెట్టి తడిమాను.

అవ్వా, నా కాంట్రాక్టు ఫిబ్రవరితో అయిపోతుంది.
నీ పెట్టె ఏ ఆఫీసు బీరువాలో ఉందో కనుక్కో.
దొరక్కపోయినా పర్లేదు.
చేతులు కడుక్కుని ఉండు.