చుట్టల కొట్లో మొదటి అధ్యాయం

పినార్ దెల్ రియోలో మా చుట్టల కొట్టు.
నూట పది బల్లలు, నూట పది జతల చేతులు,
ఒక్కటే గొంతు.
ఎత్తు పీట మీద కూర్చుని ఒబ్దూలియా
పొద్దున పేపరు చదువుతుంది,
పది దాటాక నవల.

ఇక్కడ ఎవరూ ఊఁ కొట్టరు.
నచ్చితే చవేతాతో,
అదే, ఆకు కోసే మా నెలవంక కత్తితో,
బల్ల మీద టక్, టక్.
నచ్చకపోతే కత్తి నేల మీద పడుతుంది.
చెయ్యి జారిందని అందరూ నటిస్తారు.

నాది మూడో వరస, కిటికీ పక్క బల్ల.
రాత్రుళ్ళు నేను నవల రాస్తానని
ఒబ్దూలియాకు తప్ప ఎవరికీ తెలీదు.
"రాసిందెవరు?" అని అడిగారు మొదటిరోజు.
"సముద్రం అవతలివాడు" అంది
కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

నా మొదటి పేజీలో నది ఉంది.
రెండో పేజీలోనూ అదే నది.
మూడో పేజీలో ఆ ఒడ్డున ఇల్లు కట్టిన
ముత్తాతకు ముత్తాత,
ఆయన మీసం, మీసానికి రాసే నూనె,
ఆ నూనె తెచ్చిన ఓడ.
ఒక్క మీసానికే నాకు నాలుగు రాత్రులు పట్టింది.

నూనె సీసా మూత తీసేసరికి
వెనక వరసలో ఒక దగ్గు.
దానికి తోడు ఇంకో దగ్గు.
ఎవరో మంచినీళ్ళు అడిగారు.
ఐదో పేజీలో తొలి కత్తి జారింది.
తల వంచుకుని
నాదీ కింద పడేశాను.

పది రోజుల తర్వాత "ఇంకొకాయన" నవల.
ఈసారి మొదటి వాక్యం ముగియకముందే తుపాకీ.
రెండో పేరాకి ముగ్గురు చచ్చారు,
నాలుగో పేరాలో చక్కెర మిల్లు తగలబడింది.
టక్కు లేదు. దగ్గూ లేదు.
యాభై రెండేళ్ళుగా చుట్టలు చుడుతున్న ఎవరిస్తో తాత
ఆకు మీంచి కళ్ళెత్తకుండానే అన్నాడు:
"పోయారు, పాపం.
ఎవరమ్మా వాళ్ళు?
ముఖమైనా చూడని శవానికి ఎట్లా ఏడ్చేది?"

ఆ సాయంత్రం గేటు దగ్గర ఆయన్ని ఆపి
చుట్ట గురించే అడుగుతున్నట్టు అడిగాను.
నేను చుట్టినది ఒకటి తీసుకుని
చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూశాడు.
"గట్టిగా కూరావంటే గాలి ఆడదు,
పీల్చి పీల్చి బుగ్గలు నొప్పెట్టి పారేస్తాడు.
వదులుగా చుట్టావంటే
భగ్గున మండి, నాలుక కాల్చి, ఆరిపోతుంది.
మొదటి దమ్ములో చూపించాల్సింది ఎంతనుకున్నావ్..."
అంటూనే కదులుతున్న బస్సెక్కేశాడు.

రాత్రంతా ఆ వాక్యం చివర
వేలాడుతూనే ఉన్నాను.

మూడోసారి నది లేదు.
అంటే, ఉంది. వినిపిస్తుంది, కనిపించదు.
తెల్లవారుజామున ఒక కంచర గాడిద
ఖాళీ జీనుతో ఇంటికొస్తుంది.
జీను తడిగా ఉంది.
ఇంటావిడ చూస్తుంది.
అరవదు.
కాఫీ పొంగబోతోందని ముందు దాన్ని దించుతుంది.
రెండు కప్పులు తీసి
ఒకటి బోర్లిస్తుంది.
ఆ తర్వాత గాడిద కాళ్ళకంటిన బురద కడుగుతుంది,
చాలా నెమ్మదిగా,
ఊరు లేవకముందే.

అక్కడ ఒబ్దూలియా పుట తిప్పింది.
నూట పది మంది ఉన్న గదిలో
పుట తిరిగిన చప్పుడు వినిపించింది.
చేతులు ఆగలేదు.
ఆకు మీద అరచేయి ఆడే సవ్వడి మాత్రం
మెత్తబడింది,
నిద్రపోయే పిల్లాడి పక్కనుంచి నడిచినట్టు.

సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం గంట.
కాగితాలు మూసేసింది ఒబ్దూలియా.
ఎవరూ లేవలేదు.
"బురద ఎందుకు కడిగిందే?"
వెనక బల్ల నుంచి నీవెస్ నా భుజం గిల్లింది,
"ఏ రేవుదో తెలిసిపోతుందనా?"
తెలీదన్నాను.
నిజంగానే తెలీదు,
రెండో అధ్యాయం ఇంకా రాయలేదు.

ఎవరిస్తో తాత చవేతా ఎత్తాడు.
కొట్టలేదు.
ఎత్తినదాన్ని అలాగే పట్టుకుని
ఒబ్దూలియా వైపు కాదు,
మూడో వరసకేసి, కిటికీ పక్కకి చూశాడు.
కత్తి ఇంకా గాల్లోనే ఉంది.