రోజు విడిచి రోజు

బోరబండల కమ్యూనిటీ హాలు.
పోలియో చుక్కల బ్యానరు ఇంకా దిగలే,
దాని కిందనే మా క్లాసు,
ఏడింటికెల్లి ఎనిమిదింటిదాక.
పదకొండుమందిమి ఆడోళ్ళం,
ఒక్క వాచ్‌మన్ బిక్షపతి.

షమీమ్ టీచర్ బోర్డు మీద రాసింది:
ఐ గో, యూ గో, వి గో, దే గో.
ఇంత సుళువా అనుకున్న.
మనకైతే పోత, పోతవు, పోతం, పోతరు,
మనిషి మనిషికి ఒక తోక కట్టాలె.
వీళ్ళకు అందరికీ ఒకటే గో.

అప్పుడు రాసింది: షీ గోస్.
ఎర్ర సుద్దతోని ఎస్.
హీ కి గదే, షీ కి గదే, ఇట్ కి గదే.

నేను చెయ్యి లేపిన.
టీచర్, మన దాంట్ల ఆయన పోతడు.
ఆడది పోతది.
బర్రె పోతది. కరెంటు పోతది.
నలభై రెండేండ్ల సంది
బర్రెతోని కరెంటుతోని
ఒక్క వరుసల నిలబడ్డదాన్ని.
ఇంగ్లీషుల మా ఆయనకు గూడ నా ఎస్సేనా?
టీచర్ నవ్వింది.
గదే, అండాలుగారూ.
గారు అన్నది.

రాత్రి ఆయనకు చెప్పిన,
నీకూ నాకూ బర్రెకూ ఒకటే లెక్క అని.
అన్నం కలుపుకుంట ఆయన,
నడుమ బర్రెనెందుకు తెచ్చినవ్ అన్నడు.

ఐదు ముచ్చట్లు రాసుకరమ్మన్నది టీచర్.
ఇప్పుడు జరుగుతున్నది గాదు,
రేపు జరిగేది గాదు,
ఎప్పుడూ జరుగుతనే ఉండేది.
సూర్యుడు తూర్పున లేస్తడు
అని రాసిండు బిక్షపతి.
ఆయన డ్యూటీ దిగేది గప్పుడే మరి.
నేను రాసిన: వాటర్ కమ్స్.
మనకు నీళ్ళు అంటే చాన,
ఇంగ్లీషోళ్ళకు వాటర్ ఒకటే అంట,
బిందెలు మోసినోళ్ళు గాదు.

రోజూ వస్తయా? అన్నది టీచర్.
రోజు విడిచి రోజు.
అయినా అలవాటే, ఎస్ ఉండనియ్ అన్నది.

గని లైన్‌మన్ జంగయ్య ఉన్నడు.
ఎప్పుడడిగినా వస్తయమ్మా, వస్తయి అంటడు.
అది అలవాటా, మాట ఇచ్చుడా?
మన దాంట్ల రెండిటికీ ఒకటే మాట,
గందుకే ఇన్నేండ్లల్ల
ఒక్కసారి గూడ దొరకలే.
ఇంగ్లీషుల అడుగుదామనుకుంటున్న:
కమ్సా, విల్ కమ్మా?
ఒకటి తేల్చు జంగయ్యా.

రాకపోతే వాటర్ డజ్ నాట్ కమ్.
కమ్ మీది ఎస్ దిగి
ముంగటున్న డూ మీదికి ఎక్కుతది,
బస్సుల సీటు మారినట్టు.
రెండు సీట్ల మీద కూసోనియ్యరు,
ఒక్క టికెట్టే.
బిందె ఖాళీగున్నా
ఎస్ మాత్రం బస్సు దిగదు.

మొన్న రాయదుర్గంల, అద్దాల బిల్డింగుల,
మెడల కొత్త కార్డు ఏసుకున్న పిల్లగాడు
లిఫ్టుల అడిగిండు: వాట్ డు యూ డూ?
రెండు డూలు.
ఒకటి అడిగేది, ఒకటి చేసేది.
ఐ యామ్ క్లీనింగ్ అని నోట్లెకు వచ్చింది.
మింగిన.
అది ఆ ఒక్క గడియ ముచ్చట,
నా చేతుల అప్పుడు మాపు గూడ లేదు.
ఐ క్లీన్ సెవెంత్ ఫ్లోర్, అన్న.
ఆ చిన్న క్లీన్‌ల
పదకొండేండ్లు పట్టినయి,
ఫినాయిల్ వాసన గూడ పట్టింది.
తోక లేదు దానికి.
ఎవరో ఆమె గురించి చెప్తేనే గదా ఎస్,
నేనే చెప్తున్న.
ఓకే ఆంటీ అని ఆరుల దిగిండు.

ఇయ్యాల నీళ్ళ దినం.
తెల్లారగట్ల నాలుగింటికి
నల్లా ముందుగాల గాలి ఇడుస్తది,
స్స్‌స్స్ అని, శానసేపు.
బిందె పెట్టిన.
గోడ మీదికెల్లి రమీజాబీని పిలిచిన.
లే అక్కా, ఎస్ వచ్చింది, అన్న.
ఆమెకు సమజ్ కాలే.
బిందె మాత్రం తెచ్చింది.