ఓదెలల ఆగని బండి

రిజర్వేషన్ ఫారం వెనకదిక్కు ఖాళీగ ఉంటది.
ఇరవై ఆరేండ్లు కాజీపేట కౌంటర్ల కూసొని
ముందుదిక్కే చదివిన:
ఏడికెల్లి, ఏడికి, ఎంతమంది,
లోయర్ బెర్తు కావాల్నా.
మొన్న ఐతారం మొదటిసారి
కాగితం తిర్లేసి రాసిన
పారిస్, లియోన్, మిలాన్, ఫ్లోరెన్స్, రోమ్.
రాసి, ఎవరన్న చూస్తరేమోనని
చాయ్ గ్లాసు మీద పెట్టిన.

గ్లాసు మరక గుండ్రంగ
లియోన్ మీద పడ్డది.

మా ఆయన గూడ్సు గార్డు.
ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నరు,
పేరు మారింది గని లూప్‌లైన్ మారలే.
ఓదెల మల్లన్నకు మొక్కితే పుట్టిండని
ఓదెలు అని పెట్టిన్రు.
అందుకేనేమో, బొగ్గు బండి ఎప్పుడు తెచ్చినా
ఓదెల టేషన్లనే పక్కకు పెడ్తరు.
వెనక ఒక సూపర్‌ఫాస్టు, దాని వెనక ఇంకొకటి.
అవన్నీ పోయేదాక
బ్రేక్‌వ్యాన్ మెట్ల మీద టిఫిన్ డబ్బ ఇప్పుకొని
పట్టాల నడుమ తుమ్మిపూలు లెక్కవెట్టుకుంటడు.

"గంటకు మూడువందల కిలోమీటర్లట" అన్న.
కండ్లు మూసుకొని లెక్కేసిండు.
"అంటే కాజీపేటల ఎక్కి
ఒక సర్వపిండి తినేలోపట జమ్మికుంట దాటుతం.
పెద్దపల్లి బోర్డు సదువరాదు.
గోదారి మీద పైస ఇసుర్దామంటె
జేబుల చెయ్యి పెట్టేసరికే మంచిర్యాల.
గంట నిండకముందే బల్లార్షా.
నాకైతే ఒక రాత్రి, సగం పగలు."
కొంచెం సేపు ఊకున్నడు.
ఆ రాత్రులన్నీ ఏడికి వొయినయో
చూసుకున్నట్టు.

"మిలాన్ల బండి మారుటానికి ఎంతసేపుంది?"
"ఇరవై రెండు నిమిషాలు."
నవ్విండు.
సిగ్నల్ ఇచ్చేసినమని ఫోన్ల చెప్తె నవ్వే నవ్వు అది.
"రెండు గంటలు రాయి."
రాసిన.
"లోయర్ బెర్తు?"
బెర్తులే లేవు, అంత కూసునుడే అన్న.
రెండు గంటల్ల ఇంకో ఊరొస్తుంటె
నడుం వాల్చేదెక్కడ?

పాస్‌పోర్టు కాగితాలల్ల ఆయన పుట్టింది జులై ఒకటి,
ఆయన బడి సోపతిగాండ్లందరి లెక్కనే.
పీఎఫ్‌ల తీసేటియి ఎన్ని, ఉంచేటియి ఎన్ని,
ముందుగాల కొంటె టికెట్ సగం ధర,
ఆలస్యమైతె రెండింతలు.
ఈ సంగతి నాకెవ్వరు చెప్పాల్సిన పని లేదు.
వెయిటింగ్ లిస్టు ముఖాలు
అద్దం అవతల నుంచి నేను చూడనియా?

ఒక్కటే అడుగుడు మర్షిపోయిన.
ఎదురు బండి వస్తె లేసి నిలవడి
చెయ్యి ఊపుడు ఆయన డ్యూటీ.
ప్యాసింజర్ల ఊరికి పోతున్నా గూడ
కిటికి పక్కన సగం లేస్తడు,
నేను అంగి పట్టుకొని గుంజుత.
ఆడ రెండు బండ్లు దాటుకునుడు రెప్పపాటట.
ఈయన లేసేసరికి
అవతలి బండి ఇంకో దేశంల ఉంటది.

ఇయ్యాల పొద్దుగాల మూడింటికి డ్యూటీ పిలుపొచ్చింది.
లైన్‌బాక్సు, టార్చి, నీళ్లసీస,
తలుపు సప్పుడు కాకుండ ఏసిండు.
నేను కౌంటర్ తెరిచి మొదటి ఫారం తీసుకుంటుంటె
ఫోన్ మోగింది, మెసేజు:

"ఓదెలల పెట్టిన్రు. నాలుగు బండ్లు పోవాల్నట.
మబ్బుల మంచిగ ఆలోచించిన.
ఫ్లోరెన్స్‌ల రెండొద్దులు సాలయి,
మూడు చెయ్యి."

"మేడం, సిర్పూరుకు రెండు" అంటున్నడు ముసలాయన.
ఒక్క నిమిషం అన్న.
ఆయన ఫారం పక్కకు పెట్టి
నా ఫారం తిర్లేసి
రోమ్‌ల ఒక దినం కొట్టేసిన.