ఇరవై పాయింట్లు

కళ్యాణదుర్గం ల్యాబులో
పొద్దున్నుంచీ ఆరున్నర, ఏడు, మళ్ళీ ఆరు.
ఆడవాళ్ళ రక్తం సూదిలోకి నీళ్ళలా వస్తుంది.

కుళ్ళాయప్పది లాగితే గాని రాలేదు.
రిగ్గు బండి మీద పదహైదేండ్లు,
తొమ్మిదొందల అడుగులు దింపి దుమ్మే చూసినోడు.
మొహం కాలిన ఇటుక.
"నీళ్ళు పోసుకుంటే ఒళ్ళంతా నవ్వ మేడమ్,
చెవుల్లో రిగ్గు ఆడతానే ఉంటాది."

మిషను ఇరవై చూపించింది.
నమ్మక మళ్ళీ పెట్టాను. ఇరవై.
"చిక్కగుంటే బలమే గదా?" అన్నాడు.
చెనిక్కాయ నూనె డబ్బా అడుగున మడ్డి గుర్తొచ్చింది,
చెప్పలేదు.
గుండెకో మెదడుకో పోయే సన్నదారిలో
ఏదో ఒక రాత్రి గడ్డకట్టి నిలబడిపోతుందని
డాక్టరే చెప్పాడు,
అతని అరచేతి మీద పెన్నుతో గీత గీసి.

ఇప్పుడు నెలకోసారి వస్తాడు.
బ్యాగు నిండేదాకా పిడికిలి మూసి తెరుస్తాడు,
తల తేలికైందంటాడు.
పోయిన సోమవారం పెండ్లాన్ని తోడు తెచ్చాడు, మారెక్క.
ఆమెకు ఆరు పాయింట్లు.
బ్యాగు వైపు చూపించి అడిగాడు:
"ఇదే యామెకి ఎక్కించేకి రాదా?"

రాదు.
రోగపు రక్తం, పారెయ్యాల్సిందే.
మారెక్క చూస్తుండగా
పసుప్పచ్చ సంచిలో వేసి మూతి కట్టాను.
చేతికి ఇంకా వెచ్చగానే తగిలింది.