పదిహేను వస్తువులు

రాత్రి ఎనిమిదిన్నరకి షట్టరు సగం దించేస్తాను.
జిరాక్సు మిషను ఇంకా వెచ్చగానే ఉంటుంది.
నలుగురూ వంగి లోపలికొస్తారు,
దమయంతి, తవిటినాయుడు, ఎస్తేరు, దేబాశిష్ పండా.
శనివారం భువనేశ్వర్లో ఎసెస్‌మెంట్ సెంటరు.
పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకే హాల్లో పెట్టి
మాట్లాడిస్తారట, రాయిస్తారట,
అన్నం తింటుంటే కూడా చూస్తారట.

రెండుసార్లు వెళ్ళి రెండుసార్లు తిరిగొచ్చినవాణ్ణి,
అంచేత నన్నే పరీక్షకుణ్ణి చేశారు.
గుణుపురంలో ఇంతకంటే అర్హత ఎవరికుంది?

నా చేతిలో మార్కుల కాగితం, నేనే తీసిన నకలు:
చొరవ. వినడం. ఒప్పించడం. ఒత్తిడిలో నిబ్బరం.
ఒక్కోదానికి అయిదు.

విమానం ఎడారిలో కూలింది. మీరు బతికారు.
పదిహేను వస్తువులు మిగిలాయి.
ఏది ముందో ఏది వెనకో
అందరూ ఒక్కమాట మీదకి రావాలి. ఇరవై నిమిషాలు.

"ఎడారంటే ఏటన్నా, ఇసకే కదా,
వేసంగిలో వంశధార సూణ్ణేదేటి" అంది దమయంతి.
ఇంగ్లీషులో చెప్పమన్నాను.
ఇంగ్లీషులో దాని ఏరు ఎండలేదు.

తవిటినాయుడు గొంతు సవరించుకున్నాడు.
వాడికంటే ముందే వాడి గొంతు
ఉద్యోగంలో చేరిపోయినట్టుంటుంది.
"ఐ స్ట్రాంగ్లీ ఫీల్" అని మొదలెట్టి
దిక్సూచి మీద నాలుగు నిమిషాలు.
దేబాశిష్ మధ్యలో తుంచి, సారీ చెప్పి, మళ్ళీ తుంచాడు.
ఇంట్లో ఒకటి, బళ్ళో ఒకటి, బజార్లో రెండూ కలిపి
ఇన్నేళ్ళూ దెబ్బలాడుకున్నవాళ్ళు
"ఐ రెస్పెక్ట్ యువర్ పాయింట్" అనుకుంటుంటే
నవ్వాగక కాగితం అడ్డం పెట్టుకున్నాను.

ఎస్తేరు మాట్లాడలేదు.
పుట్టాసింగి కొండ దిగి హాస్టల్లో చదువుకున్న పిల్ల.
సవర దాని మొదటి భాష, ఇంగ్లీషు అయిదోది.
చొరవ దగ్గర సున్నా పెట్టబోతుంటే
"అద్దం" అంది. "అద్దం ముందు."
ఎందుకన్నారు ముగ్గురూ.
"ఎవరికో ఒకరికి మనం కనపడాలి కదా."

జవాబుల కాగితం నా ఒళ్ళోనే ఉంది.
దాన్లోనూ అద్దమే ఒకటో నంబరు.
నేను అటు చూడట్లేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు ఏరు మా వీధిలోకొచ్చింది.
అమ్మ కుట్టుమిషను తలకాయ ఒక్కటీ ఊడదీసి
దుప్పట్లో చుట్టి నెత్తికెత్తుకుంది.
స్టాండు వదిలేసింది. బియ్యం వదిలేసింది.
నాన్న పట్టాకాగితాలు బనీను లోపల దోపుకున్నాడు.
నేను ఒక చెప్పు తీసుకున్నాను.
రెండోది దొరకలేదు.
గడియారం పట్టుకుని ఎవరూ కూచోలేదు,
మేము ఒక్కమాట మీదకి రానూ లేదు.
కోమట్ల మేడెక్కాక కూడా
బియ్యం గురించి తెల్లారేదాకా పోట్లాడుకున్నారు.

రెండో సెంటర్లో నన్నడిగారు:
ఒత్తిడిలో మీరు తీసుకున్న నిర్ణయం ఒకటి చెప్పండి.
చెప్పు సంగతి ఎలా చెప్పను?
కాలేజీ ఫెస్టుకి స్పాన్సర్లని పట్టుకొచ్చానన్నాను.
అబద్ధం. అయిదుకి మూడొచ్చి ఉంటుంది.

టైమయిపోయింది.
అద్దం కాదు, నీళ్ళేనని ముగ్గురూ తేల్చారు.
ఎస్తేరు సరేనని తలూపింది.
"ఊపకే" అన్నాను, పరీక్షకుడు అనకూడని మాట.
అది నావైపు చూసింది, మొదటిసారి సూటిగా.
"మరయితే ఇంకోసారి ఆడదాం" అంది,
ఇంగ్లీషులో కాదు, తెలుగులోనే.

రెండోసారికి పదిన్నరయింది.
ఎవరికెన్నొచ్చాయో చెప్పలేదు.
పోయే ముందు తవిటినాయుడు బూట్లు తీసి చూపించాడు,
బావవట, వేలెడు పెద్దవి,
ముందు ఏదయినా కుక్కాలట.
చెడిపోయిన నకళ్ళు బుట్టనిండా ఉన్నాయి.
మార్కుల కాగితమే ఉండచుట్టి ఇచ్చాను.

బొటనవేలితో నొక్కి చూసుకుని
"బాగుందన్నా" అన్నాడు,
"మరి రెండో కాలికి?"