గాదంకి స్టాపు

గాదంకి వచ్చింది.
గాదంకి అనే మాట రాలేదు.
బెల్లు తాడు పట్టుకోని నిలబడ్నా,
బస్సంతా నా నోటి కల్లే చూస్తా ఉండారు.
టమోటా గంప ముసలమ్మ
"ఏం నాయినా, దించవా?" అనింది.
ఆ దినం చేత్తోనే చూపించినా.

పద్దెనిమిదేండ్లు ఇదే రూటు.
నిద్దట్లో పలవరించినా
చంద్రగిరి తర్వాత పనపాకమేనని
మా ఆడమనిషి నవ్వేది.
ఇప్పుడు యాభైలో ముప్పైరెండు పోతే ఎంతో
నా వేళ్లు తోలుసంచిలో తడుముకుంటాయి,
కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె కోసరం మాదిరి.

రుయాలో డాక్టరమ్మ వహీదా
నా మందుల పుస్తకం వెనకట్ట మీద
కొమ్మలూ రెమ్మలూ గీసింది.
చెట్టా అన్నా.
"నరాల కణం. నీ తలకాయలోది.
హెచ్‌ఐవి దీంట్లోకి పోదు మునిరత్నం,
అదే చిత్రం."

ఆమె చెప్పింది, నేను నా లెక్కలో విన్నా.
మెదడుకొక చెక్‌పోస్టు ఉండాదంట,
శేషాచలం అడివి కాడ ఎర్రచందనానికి ఉన్నట్టు.
ఇది గడ్డి లారీలో దాక్కోని రాలేదు.
గార్డు జీపులో వచ్చింది.
గార్డు పక్కన కూర్చోని కాదు,
గార్డు లోపల్నే.
తెల్లకణం గేటు తీయమంటే ఎవురు తీయరు?

లోపల ఇంకో కావలివాళ్లు,
చెత్త ఊడ్చేదీ రెమ్మలు సవరించేదీ వాళ్ల పని.
సోకింది వాళ్లకి.
సోకినాక నిద్రపోరు,
పొద్దూ రేయీ విషం కక్కతా ఉంటారు.
ఇటికల బట్టీ పొగకి మామిడి పూత మాడినట్టు
కణం రెమ్మలు ముడుచుకుంటాయి.

టికెట్టు లేనోణ్ణి ఒక్కణ్ణీ వదల్లేదు నేను.
ఈణ్ణి ఏ స్టాపులో ఎక్కించుకున్నానో,
అది మాత్రం మరిచిపోయింది కాదు.
చెప్పను.

"చచ్చిపోతాయా?" అన్నా.
"కొన్ని. శానా వరకు చావవు.
పక్కదాంతో మాట్లాడేది మానేస్తాయి."

ఆ మాట మోసుకోని బస్టాండు దాకా నడిచినా.
మా అన్న కూడా మానేసినాడు,
రక్తం రిపోర్టు చూసిన దినం నుంచి.
చావలేదు. తవణంపల్లెలో బెల్లం వండతా ఉండాడు.

ఆర్నెల్లు మందు ఆపినా, రెండేండ్ల కిందట,
డిపోలో ఎవురన్నా డబ్బా చూస్తారని.
మళ్లా మొదలుపెట్టి ఇది నాలుగో నెల.
రాత్రి తొమ్మిదికి సెల్లు మోగుతుంది. మింగుతా.
పోయిన రెమ్మలు వస్తాయా అంటే
డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి,
"ఉండేవి ఉంటాయి. కొన్ని రావచ్చు" అనింది.
ఆశ పెట్టే మనిషి కాదు.

స్టాపుల పేర్లు అరచేతిలో రాసుకుంటా.
పూతలపట్టు కాడికి చెమటకి కరిగిపోతాయి.

ఈ పొద్దు టమోటా ముసలమ్మ మళ్లా ఎక్కింది.
నేను తాడు పట్టుకోని, నోరు తెరిచి...
"గాదంకీ!" అని ఆమే అరిచింది,
ఎనక సీట్లో ఇస్కూలు పిలకాయలు అందుకున్నారు.
డ్రైవరు నా బెల్లు కోసరం చూడలే, ఆపినాడు.

గంప నేను దించినా.
బరువుగా ఉండాది.
రెండు కాయలు కిందపడి దొర్లితే
ఎన్ని పడినాయో ఎంచి మరీ ఏరిచ్చినా.